బాయిలర్ పుస్తకంలో తొమ్మిది వరసలు

ఆ యేడు వానాకాలమంతా నేను మా నాయన్ని ఫొటోల్లో వెతుకుతూ గడిపాను. ఒక్క ఫొటోలోనూ దొరకలేదు. దొరకకపోవడమే మేలైందని ఆనక తెలిసింది గాని, అప్పుడు మాత్రం ఆయన మీద పీకలదాకా కోపం వచ్చింది.

అది 1983. హూడి రైల్వే స్టేషనుకు అవతల మా మిల్లు ఉండేది. పట్టుగుడ్డకు రంగులు వేసే మిల్లు. దాని గోడను ఆనుకుని పన్నెండు లైను ఇళ్ళు. తొమ్మిదో నంబరు మాది. ఒక గది, ఒక వంటిల్లు, వెనక మా అమ్మ పెంచిన కరివేపాకు చెట్టు. మిల్లు పొగ ఎటు వాలితే ఆ పక్క ఇళ్ళవాళ్ళు ఆరేసిన బట్టలు లోపలికి తెచ్చుకునేవాళ్ళు. మా నాయన ప్రభుదాసుది బాయిలర్ దగ్గర పని, అంటే ఆ పొగ పుట్టించేది ఆయనే. అందుకని బట్టల మీద మసి పడ్డప్పుడల్లా లైనులో ఆడవాళ్ళు మా అమ్మ సుగుణమ్మ వైపు గుర్రుగా చూసేవాళ్ళు.

ఆగస్టులో ఒక సోమవారం గేటుకు నోటీసు అంటించారు. దీపావళి లోపల మిల్లు మూసేస్తారట. ఎనభైమంది పనివాళ్ళు వానలో తడుస్తూ ఆ కాగితం ముందు నిలబడ్డారు. ఇంగ్లీషు చదవగలిగింది నలుగురే గాని, ఏం రాశారో అందరికీ అర్థమైంది.

యూనియన్ సెక్రెటరీ వెంకటగిరియప్ప. వెలిగించని బీడీ నోట్లో ఓ పక్కన పెట్టుకుని, దాన్ని కదలనివ్వకుండా గంటసేపు మాట్లాడగల మనిషి. నేను కె.ఆర్.పురంలో టైపు లోయర్ పాసయ్యానని ఎవరో చెప్పగా మా ఇంటికొచ్చాడు.

"ఏమ్మా ప్రమీలా, కంపెనీతో బేరానికి దిగుతా ఉండాము. కాయితాలు కొట్టిపెడతావా? కూలి ఇయ్యలేను. వడ, టీ మాత్రం క్యాంటీన్లో నీకు ఫ్రీ."

వడ కోసం కాదు, లోపల ఏం మాట్లాడుకుంటారో వినాలన్న ఆశకొద్దీ ఒప్పుకున్నాను. నాకు చిన్నప్పటినుంచీ ఒక జబ్బు ఉంది. పక్కవాళ్ళ సంగతి సగం చెవిన పడితే, మిగతా సగం తెలిసేదాకా నాకు అన్నం సహించదు.

బేరం మిల్లు క్యాంటీన్లోనే జరిగేది. ఓ పక్క మేనేజరు, ఇంకో పక్క వెంకటగిరియప్ప, మధ్యలో లేబర్ ఆఫీసునుంచి వచ్చిన పెద్దమనిషి, మూలన అరువు టైపు మిషనుతో నేను. మొదటి రోజు మేనేజరు, చట్టప్రకారం ఏడాది సర్వీసుకు పదిహేను రోజుల జీతం ఇస్తామన్నాడు.

"చట్టం ఇచ్చేదానికి మీ దయ దేనికి సార్?" అన్నాడు వెంకటగిరియప్ప. "మీరేమిస్తారో చెప్పండి."

నాలుగుసార్లు కూర్చున్నారు. మూడుసార్లు లేచిపోయారు. నాలుగోసారికి కంపెనీ దిగొచ్చింది. ఏడాదికి నెల జీతం ఇస్తుంది. పైగా, ఇరవై ఏళ్ళ సర్వీసు నిండినవాళ్ళకు వాళ్ళుంటున్న లైను ఇల్లు వాళ్ళ పేరనే రాసిస్తుంది. నిండనివాళ్ళు క్రిస్మస్ లోపల ఖాళీ చెయ్యాలి. బీడీ పడిపోయేలా నవ్వాడు వెంకటగిరియప్ప. నేను కూడా మిషను మీద వేళ్ళు ఆపేసి చప్పట్లు కొట్టి నాలుక కరుచుకున్నాను.

మర్నాడు కంపెనీ రికార్డు చూసి జాబితా టైపు కొట్టే పని నాది. పేరు, టోకెన్ నంబరు, డిపార్టుమెంటు, సర్వీసు. ముప్పై నాలుగో పేరు దగ్గర నా చెయ్యి ఆగింది. పి. ప్రభుదాసు, టోకెన్ 112, బాయిలర్. సర్వీసు పదహారు.

పదహారేంటి? యాభై ఎనిమిదిలో మదనపల్లెనుంచి ట్రంకుపెట్టెతో దిగానని మా నాయన కొన్ని వందలసార్లు చెప్పాడు. నా లెక్కకు ఇరవై అయిదు. రికార్డు మళ్ళీ చూశాను. పదహారే.

సాయంత్రం ఆయన కాళ్ళు కడుక్కుని గడప మీద కూర్చోగానే అడిగాను.

"నాయనా, నువ్వు మిల్లులో చేరి ఎన్నేండ్లయింది?"

"ఇరవై అయిదు."

"కాయితంలో పదహారే ఉండాది."

లోపల బియ్యం ఏరుతున్న అమ్మ చేట కింద పెట్టింది. నాయన కాలి బొటనవేలు రుద్దుకున్నాడు.

"మొదటి తొమ్మిదేండ్లు నేను నేను కాదమ్మా," అన్నాడు. "చిక్కమునియప్పని."

అప్పట్లో మిల్లుల్లో అదొక మామూలు. పర్మనెంటు పనివాడికి ఇత్తడి టోకెను ఉండేది. పొద్దున గేటు దగ్గర మేకుకు టోకెను తగిలించాడా, ఆ మనిషి వచ్చినట్టే లెక్క. మొహం ఎవరూ చూసేవాళ్ళు కాదు. ఊళ్ళో వ్యవసాయం ఉన్నవాడు టోకెను ఇంకొకడి చేతిలో పెట్టి వెళ్ళేవాడు. వాడి బదులు వీడు పని చేసేవాడు. జీతం రోజు మాత్రం టోకెను మనిషే వచ్చి, సంతకం పెట్టి డబ్బు తీసుకుని, మూడో వంతు తను ఉంచుకుని తక్కింది పనిచేసినవాడికిచ్చేవాడు. దాన్నే బదిలీ పని అనేవాళ్ళు. నాలుగో నంబరు ఇంట్లో ఉండే చిక్కమునియప్ప మామ అలా తొమ్మిదేళ్ళు సర్జాపురలో బావి తవ్వుకుని రాగులు పండించాడు. ఆయన టోకెను మీద మా నాయన బాయిలర్‌కు బొగ్గేశాడు. బావి ఎండిపోయి మామ తిరిగొచ్చి రంగుతొట్ల దగ్గర పనికి చేరాక, 67లో మా నాయనకు సొంత టోకెను వచ్చింది. కంపెనీ దృష్టిలో మా నాయన ఆ రోజే పుట్టాడు.

"ఈ సంగతి పెండ్లప్పుడే చెప్పద్దా?" అంది అమ్మ.

"చెప్పినా గదా, బదిలీ పనోణ్ణని."

"బదిలీ అంటే సర్కారోళ్ళ మాదిరి ఊర్లు మారస్తారేమో అనుకుంటి. ఊర్లు చూడచ్చు అని సంబరపడితిని గూడా."

నేను నవ్వాను. అమ్మ నవ్వలేదు. లేచి వెనక తలుపు తీసి కరివేపాకు చెట్టు వైపు చూస్తూ నిలబడింది. ఆ చెట్టును ట్రంకుపెట్టెలో పెట్టుకుని పోలేం గదా. నాకు నవ్వినందుకు సిగ్గేసింది.

ఆ తొమ్మిదేళ్ళూ మా నాయన మిల్లులోనే ఉన్నాడని రుజువు కావాలి. జీతం పుస్తకంలో సంతకాలన్నీ చిక్కమునియప్పవి. టోకెనుకు మొహం లేదు. మరేం మిగిలింది?

ఫొటోలు! క్యాంటీన్ గోడల నిండా ఆయుధపూజ ఫొటోలే. మా మిల్లులో ఏటా యంత్రాలకు పసుపు కుంకుమ పెట్టి, బూడిదగుమ్మడికాయ కొట్టి, ఆ తరవాత అందరూ పోర్టికో ముందు వరసగా నిలబడి ఫొటో తీయించుకునేవాళ్ళు. కింద తెల్ల రంగుతో తేదీ. యాభై అయిదునుంచి ఒక్క ఏడూ తప్పలేదు. టైపు పని అయ్యాక నేను బెంచీ ఎక్కి ఒక్కొక్క మొహమే చూడటం మొదలుపెట్టాను.

మూడు రోజులు చూశాను. ఎంత సరదాగా ఉందో చెప్పలేను. నడుమ కుర్చీలో ఇప్పటి మేనేజరు. అప్పట్లో అసిస్టెంటు, నెత్తిన పొదలాంటి జుట్టు. ఫొటో ఫొటోకీ ఆ జుట్టు వెనక్కి తగ్గుకుంటూ పోయింది. ఎడమపక్క ఎప్పుడూ పిల్లప్ప తాత. ఆయన బాయిలర్ అటెండెంటు, చట్టప్రకారం బాయిలర్ నడిపే సర్టిఫికెట్ ఉన్నవాడు. చనిపోయి ఎనిమిదేళ్ళయింది. వెంకటగిరియప్ప ఒక ఫొటోలో నిక్కరుతో ఉన్నాడు. వెనక పోర్టికో గడియారం ప్రతి ఏడూ పదకొండు దాటి అయిదో పదో నిమిషాలు చూపిస్తోంది. తోటమాలీ ఉన్నాడు, వాచ్‌మన్ కుక్కా ఉంది. మా నాయన లేడు. 58లో లేడు, 60లో లేడు, సొంత టోకెను వచ్చాక కూడా లేడు.

ఉక్రోషంతో ఇంటికెళ్ళి నిలదీశాను. "కుక్క గూడా ఉంది నాయనా! నువ్వు యాడ పోతివి?"

"మా అమ్మకి మాటిచ్చినా. బస్సు ఎక్కేటప్పుడు చెప్పింది, బెంగుళూరు పోతాండావు, విగ్రహాల ముందర నిలబడద్దు అని. పూజ నాడు అందరూ పోతే బాయిలర్ కాడ ఎవడో ఒకడు ఉండాల్సిందే గదా. ఇంతకుముందు ఆ ఒక్కడు మొహం మాడ్చుకోని కూర్చునేవాడు. నేను వచ్చినాక ఆ బాధ తీరిపోయింది. మీరందరూ పోండప్పా, నేను చూసుకుంటా అంటిని. పిల్లప్ప కూడా పోయేవాడు."

నాకు కోపం చల్లారలేదు గాని, ఎక్కడో ఏదో తట్టింది. పోయిన ఏడు అన్నం క్యారియరు ఇవ్వడానికి బాయిలర్ గదికి వెళ్ళినప్పుడు, నాయన గోడకు వేలాడే పుస్తకంలో ఏదో రాయడం చూశాను.

"బాయిలర్ కాడ గంటగంటకీ పుస్తకంలో రాస్తారు గదా నాయనా?"

"ఊఁ. ప్రెషరు, నీళ్ళ మట్టం, సంతకం."

"పిల్లప్ప తాత ఫొటోలో నిలబడి ఉంటే పదకొండు గంటలకి ఎవరు రాసినారు?"

నాయన చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు.

"నేనే," అన్నాడు.

"చిక్కమునియప్ప అనా?"

"కాదు. పిల్లప్ప ఒప్పుకోలా. టోకెను ఎవరిదన్నా తగిలించుకో, ఈ పుస్తకంలో మాత్రం నీ పేరే రాయి అన్నాడు. పేలితే సచ్చింది ఎవరో తెలియద్దా అన్నాడు."

ఆదివారం చర్చినుంచి వచ్చి, మంచి బట్టలు విప్పేసి, ఇద్దరం బాయిలర్ గదికి వెళ్ళాం. సెలవు రోజు నిప్పు కప్పెట్టి ఉంటుంది. గది గోరువెచ్చగా ఉంది. పైన ఇనపరేకు అటక మీద గోనెసంచుల్లో పాత పుస్తకాలున్నాయి. బాయిలర్ వేడికి చెద పట్టలేదు, చెమ్మ తగల్లేదు. ఫొటోల కింది తేదీలన్నీ నేను నోటుబుక్కులో రాసుకున్నాను. నాయన పుస్తకం తీసి దుమ్ము దులపడం, నేను తేదీ వెతకడం.

యాభై ఎనిమిది దొరికింది. పేజీ అంతా పిల్లప్ప తాత కన్నడ సంతకాలు. నడుమ ఒక్క వరస, పదకొండు గంటలకు, తెలుగులో ఉంది. పి. ప్రభుదాసు.

నేను గట్టిగా అరిచాను. నాయన పుస్తకం నా చేతిలోంచి తీసుకుని వెలుతురు దగ్గరికి వెళ్ళి చూశాడు.

"అప్పుడు నా రాత ఇంత బాగుండేదా?" అన్నాడు.

తొమ్మిది పుస్తకాల్లో తొమ్మిది వరసలు. ఏడాదికొక గంట. ఆ తొమ్మిదేళ్ళలో మా నాయన తన పేరుతో బతికింది ఆ తొమ్మిది గంటలే. నేను నోటుబుక్కు మూసి లేచాను. ఆయన మాత్రం పుస్తకాలు మళ్ళీ గోనెలో చుట్టడం మొదలుపెట్టాడు.

"వెంకటగిరియప్ప కాడికి పోదాం నాయనా!"

"వద్దు."

"ఏల?"

"చిక్కమునియప్ప టోకెను మీద నేను పనిచేసినానని రుజువైతే, ఆ తొమ్మిదేండ్లూ ఆయన పని చెయ్యకుండా జీతం తీసుకున్నాడని గూడా రుజువైతాది గదమ్మా. ఆయన్ని దొంగ అంటారు. దొంగకి ఇల్లు రాసిస్తారా?"

నేను వేళ్ళ మీద లెక్కేశాను. జాబితాలో మామ సర్వీసు ముప్పై ఒకటి. తొమ్మిది తీసేసినా ఇరవై రెండు. ఇల్లు పోదు, తొమ్మిది నెలల జీతం మాత్రమే పోతుంది.

"లెక్క బాగుండాది," అన్నాడు నాయన. "మోసం చేసినారని మేనేజరు ఒక్క మాట అన్నాడంటే ఇంక లెక్కలు చూసేదెవరు? ఆ మనిషి టోకెను ఇయ్యకపోతే నేను బెంగుళూరులో కూలికి పోతా ఉంటి. ఈ మాట ఇంగ ఎత్తద్దు."

పుస్తకాలు మాత్రం అటక మీద పెట్టలేదు. ఇంటికి తెచ్చి మంచం కింద తోశాడు. ఎందుకు తెచ్చావని అడగలేదు. నాకే ఆశ్చర్యం, ఆ ఒక్క ప్రశ్న నేను అడక్కుండా ఉండగలిగాను.

ఇంకో రెండు రోజులు కూడా నోరు మూసుకున్నాను. మూడో రోజు అమ్మ కె.ఆర్.పురంలో అద్దె ఇల్లు చూసొచ్చి, అందులో వెనక జానెడు మట్టి కూడా లేదంది. ఏడవలేదు గాని ఆ రోజు కూరలో ఉప్పు వెయ్యడం మరిచిపోయింది. నేను లేచి తిన్నగా నాలుగో నంబరుకు వెళ్ళాను.

చిక్కమునియప్ప మామ అరుగు మీద తమలపాకుల ఈనెలు తీస్తున్నాడు. రంగుతొట్ల దగ్గర పని కాబట్టి మణికట్టు దాకా చేతులు నీలంగా ఉంటాయి. ఆయన భార్య కమలమ్మత్త అలసందలు ఒలుస్తోంది.

"మామా, యాభై ఎనిమిదిలో ఆయుధపూజ నాడు నువ్వేం చేస్తా ఉంటివి?"

"సర్జాపురలో బావి తవ్వతా ఉంటి. ఏల?"

"ఊరికే."

"నువ్వు ఊరికే అడిగే పిల్లవా?" అని నవ్వాడు. "చెప్పు, స్వల్ప నిదానంగా చెప్పు."

చెప్పేశాను. ఫొటోలు, పుస్తకాలు, తొమ్మిది వరసలు, ఇరవై రెండు లెక్క, అన్నీ. చెబుతున్నకొద్దీ ఆయన మొహంలో నవ్వు ఇంకిపోయింది.

"మీ నాయన పంపినాడా?"

"లేదు మామా. తెలిస్తే చంపేస్తాడు."

కమలమ్మత్త చేట విసురుగా పక్కన పెట్టింది. "సంసారాలు కూల్చేదానికి వచ్చినావేమ్మా? ఆ దుడ్డుతో ఎండిన బావిని ఇంకా లోతుకి తవ్వించి మోటారు పెట్టిద్దామని కూర్చోనుంటే! పో, పో ఇంటికి."

వచ్చేశాను. ఆ వారమంతా నాలుగో నంబరు తలుపు మమ్మల్ని చూడగానే మూసుకునేది. మా నాయనకు సంగతి అర్థమైంది. నన్ను తిట్టలేదు, కొట్టలేదు. అన్నం తినేటప్పుడు నా వైపు చూడటం మానేశాడు. దానికంటే రెండు దెబ్బలు వేసినా బాగుండేదనిపించింది. నా ఆరాలు, నా కూపీలు అన్నీ తీసుకెళ్ళి బాయిలర్లో పడేద్దామన్నంత విరక్తి పుట్టింది.

సెప్టెంబరు ఆఖర్న ఆఖరి సిట్టింగు. ఆ రోజు అందరూ జాబితాలో తమ పేరు ఎదుట సంతకం పెడితే ఒప్పందం ఖాయం. క్యాంటీన్ నిండిపోయింది. మా నాయన వెనక గోడకు ఆనుకుని ఉన్నాడు. మేనేజరు ఒక్కొక్క పేరే చదువుతుంటే ఒక్కొక్కరే వచ్చి సంతకం పెడుతున్నారు.

"ఏడు. చిక్కమునియప్ప. ముప్పై ఒకటి."

మామ బల్ల దాకా వచ్చాడు. కలం ముట్టుకోలేదు.

"తప్పు రాసినారు సార్. నాది ఇరవై రెండు."

మేనేజరు నవ్వాడు. "ఎక్కువ రాశామని కంప్లెయింటా? ఈ నెలలో ఇదే మొదటిది."

"యాభై ఎనిమిదినుంచీ తొమ్మిదేండ్లు నేను ఊర్లో ఉంటి. టోకెను నాది, చాకిరి ప్రభుదాసుది. ఆ తొమ్మిదీ ఆయనకి రాసేయండి."

వెంకటగిరియప్ప బీడీ నోట్లోంచి తీసి చేతిలో పట్టుకున్నాడు. మామ ఇలా చెబుతాడని అతనికి కూడా తెలీదు. మేనేజరు నవ్వు మాయమైంది.

"అంటే ఇద్దరూ కలిసి తొమ్మిదేళ్ళు కంపెనీని మోసం చేశారు. అది మీ నోటితోనే చెప్పారు. అయితే ఇద్దరికీ ఏమీ రాదు. ఆఫీసరుగారూ, రాసుకోండి."

మా నాయన గోడ వదిలి ముందుకొచ్చాడు. "ఆయన తప్పు లేదు సార్. కొట్టేసేది ఉంటే నా పేరు కొట్టేయండి. ఆయన ఇల్లు ఆయనకి ఇయ్యండి."

నేను అప్పటికే లేచాను. క్యాంటీన్ వెనక గోడలో చిన్న గేటు, గేటు దాటితే లైను. పరుగెత్తుకుంటూ పోయి మంచం కిందినుంచి గోనె లాగి, మోయగలిగినన్ని పుస్తకాలు చంకన పెట్టుకొచ్చి వెంకటగిరియప్ప ముందు పడేశాను. 58 పేజీ తీసి వరస చూపించాను. చెప్పడానికి ఊపిరి లేదు. గోడ మీది ఫొటో వైపు వేలు చూపించాను.

వెంకటగిరియప్ప పుస్తకం చూశాడు, ఫొటో చూశాడు, మళ్ళీ పుస్తకం చూశాడు. నెమ్మదిగా లేచి ఫొటో దించి, అద్దం మీద దుమ్ము పంచె కొంగుతో తుడిచి, లేబర్ ఆఫీసరు ముందు పెట్టాడు.

"ఈ నడుమ కుర్చీలో ఉండేది ఎవరు సార్?"

"నేనే," అన్నాడు మేనేజరు. కొంచెం గర్వంగానే అన్నాడు పాపం, జుట్టు చూసుకుని.

"ఎడమపక్క?"

"పిల్లప్ప. బాయిలర్ అటెండెంట్."

"వెనక గడియారంలో టైమెంత?"

"పదకొండు... అయిదు."

"ఇప్పుడు ఈ పుస్తకం చూడండి. పదకొండు గంటలకి సంతకం పెట్టింది ప్రభుదాసు. మీ రికార్డులో లేని మనిషి. సర్టిఫికెట్ లేని మనిషి. అప్పుడుండే రెండు నూర్ల మందీ ఇక్కడ ఫొటోకి నిలబడుంటే, ఆవిరి మీదుండే బాయిలర్‌ని ఆ మనిషి చేతిలో పెట్టి కూర్చోనుండారు మీరు. ఒక ఏడు కాదు, తొమ్మిదేండ్లు. ఇది మోసమైతే అది ఏంది సార్?"

లేబర్ ఆఫీసరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఫొటో తన వైపు తిప్పుకుని చాలాసేపు చూశాడు.

"బాయిలర్ ఇన్‌స్పెక్టరుకు ఇది తెలుసా?" అని మేనేజర్ని అడిగాడు. మామూలుగా, మంచినీళ్ళు అడిగినట్టు అడిగాడు.

మేనేజరు అందరికీ టీ తెప్పించాడు. ఆయనా ఆఫీసరూ వరండాలోకి వెళ్ళారు. మా టీ చల్లారిపోయాక తిరిగొచ్చారు. "పాత సంగతులు తవ్వడం దేనికి, రికార్డు సరిచేద్దాం," అన్నాడు మేనేజరు. ఏడో వరసలో ముప్పై ఒకటి కొట్టేసి ఇరవై రెండు, ముప్పై నాలుగో వరసలో పదహారు కొట్టేసి ఇరవై అయిదు కొట్టింది నేనే. తొందరలో అయిదు అంకె పక్కకు పడింది. మా నాయనా మామా పక్కపక్కన నిలబడి సంతకాలు పెట్టారు.

ఆ సాయంత్రం నాయన నాలుగో నంబరుకు వెళ్ళి, పాత లెక్క ప్రకారం ఆ తొమ్మిదేళ్ళ డబ్బులో మూడో వంతు నీదే అన్నాడట. ఆ లెక్క అప్పుడే తీరిపోయింది పొమ్మన్నాడట మామ. కమలమ్మత్త మాత్రం పలకరించలేదు. ఆమె మోటారు ఆమెకు పోయింది. ఆమెను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు.

అక్టోబరులో మిల్లుకు ఆఖరి ఆయుధపూజ. ఆఖరి ఆర్డర్లకు రంగులు ఇంకా పడుతున్నాయి, బాయిలర్ ఇంకా మండుతోంది. పొద్దున్నే అమ్మ బొగ్గుల ఇస్త్రీపెట్టెతో నాయన తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తోంది.

"ఇది దేనికి?" అన్నాడు నాయన.

"ఫొటోకి."

"మా అమ్మకి మాటిచ్చినా గదా."

"పూజ పదిన్నరకే అయిపోతాది. ఫొటో పదకొండుకి. ఆ ఫొటోలో యే విగ్రహం ఉండాది, మేనేజరు తప్ప? ఇరవై అయిదేండ్లు ఇంత చిన్న సంగతి తట్టలేదే నీకు!"

నాయన చొక్కా కాలరు తడిమి చూశాడు. తరవాత, "బాయిలర్ కాడ ఎవరుంటారు?" అన్నాడు.

"నేనుంటా పోప్పా," అన్న మాట గడపలోంచి వినిపించింది. చిక్కమునియప్ప మామ. చంకలో తువ్వాలు, మణికట్టు దాకా నీలం. పక్కన కమలమ్మత్త, చేతిలో గిన్నె. గిన్నె మా అమ్మ చేతికిచ్చి, "గుగ్గిళ్ళు. పూజలో పెట్టినవి కాదులే, వేరేగా తీసిపెట్టినా," అంది. అమ్మ ఆ గిన్నెను రెండు చేతులతో పట్టుకుంది.

సర్టిఫికెట్ లేని మనిషి చేతిలో బాయిలర్. మళ్ళీ అదే తప్పు. ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

ఫొటోలో మా నాయన కుడివైపు చివర నిలబడ్డాడు. ఫొటోగ్రాఫరు "ఇటు చూడప్పా" అని మూడుసార్లు అరిచినా ఆయన మెడ పొగగొట్టం వైపే తిరిగిపోయింది. అయినా ఏం, తరవాత ఫొటో గోడకెక్కినప్పుడు నాకు బెంచీ ఎక్కే పని పడలేదు. కింద నిలబడే గుర్తుపట్టాను.

ఫొటో అవగానే నాయన పరుగులాంటి నడకతో బాయిలర్ గదికి పోయాడు. వెనకే నేను. మామ చెమటతో తడిసి స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. పుస్తకం బల్ల మీద తెరిచి ఉంది. పదకొండు గంటల వరసలో, నిదానంగా దిద్దిదిద్ది రాసిన కన్నడ అక్షరాలు. పి. ప్రభుదాసు.

"ఇదేంది మామా? పిల్లప్ప తాత చెప్పినాడు గదా, ఎవరి పేరు వాళ్ళే రాయాలని," అన్నాను. ఆ జబ్బు ఎక్కడికి పోతుంది నాకు?

"తొమ్మిదేండ్లు మీ నాయన నా పేరు మోసినాడు. ఒక్క గంట ఆయన పేరు నేను మొయ్యలేనామ్మా?"

నాయన ఆ వరస మీద వేలు పెట్టి చూశాడు. కళ్ళు తుడుచుకుంటాడేమో అనుకున్నాను. తుడుచుకోలేదు.

"నీళ్ళ మట్టం రాయలేదు చూడు," అన్నాడు.

వెళ్ళి గాజుగొట్టంలో నీళ్ళు చూసొచ్చి, ఖాళీగా ఉన్న గడిలో రాశాడు. అందుకే ఆ పుస్తకంలో ఆ ఒక్క వరసలో రెండు రాతలుంటాయి. పేరు మామ రాసింది, నీళ్ళ మట్టం మా నాయన రాసింది.